రిపేరు చేయించిన ఏడు వారాలకే కారు రంగు పొక్కులు లేస్తోంది: నిజంగా వాతావరణమే కారణమా?

పటమట నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. 2021లో కొన్న మా ముదురు బూడిద రంగు మెటాలిక్ కారును జూలై నెలాఖరులో బెంజి సర్కిల్ దగ్గర ఒక సరుకుల ఆటో ఎడమ పక్కన ఒరుసుకుంటూ పోయింది. వెనుక డోరు సొట్టపోయింది, దాని వెనుకనున్న క్వార్టర్ ప్యానెల్ చక్రం పైభాగాన లోపలికి నొక్కుకుపోయింది, బంపరు మూల గీరుకుపోయింది. బీమా క్లెయిము పెట్టి ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. ఆ వర్క్‌షాపు పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి బంధువులు వస్తున్నారు, ఆలోపు బండి కావాలని నేనే తొందరపెట్టిన మాట కూడా దాచను. ఆరో రోజున బండి ఇచ్చారు. ఆ రోజు చూస్తే అద్దంలా ఉంది.

ఇప్పటికి ఏడు వారాలయింది. మొదట క్వార్టర్ ప్యానెల్ మీద, చక్రం అంచు వెంబడి ఆవగింజలంత పొక్కులు కనబడ్డాయి. వాన పడిన మర్నాడు అవి కొంచెం ఉబ్బినట్లూ, రెండు రోజులు ఎండ కాస్తే అణిగినట్లూ నాకు తోస్తున్నది. ఇది నా భ్రమో కాదో చెప్పలేను. సాయంత్రపు ఏటవాలు ఎండలో వెనుక డోరును పక్కనుంచి చూస్తే లప్పం పెట్టిన మేరంతా అంచులతో సహా, పటంలో దీవిలాగా తేలి కనబడుతున్నది, దాని లోపల సన్నని గీతలు కూడా ఉన్నాయి. ఇక ముందు డోరుకూ వెనుక డోరుకూ రంగు తేడా ఉంది. విచిత్రమేమిటంటే మా సెల్లారులో ట్యూబులైటు కింద రెండూ ఒకటిగానే ఉంటాయి, రోడ్డెక్కించి ఎండలో నిలబెడితే మాత్రం వెనుక డోరు కాస్త ఎరుపు తిరిగినట్లు ఉంటుంది. ఇవి చాలవన్నట్లు, మొన్న ప్రెషర్ వాష్ చేయిస్తే బంపరు మూలన బొటనవేలి గోరంత రంగు పెచ్చుగా లేచిపోయింది.

వర్క్‌షాపు వారు అన్నిటికీ కలిపి ఒకే సమాధానం చెబుతున్నారు: "ఈ వానలకూ ఈ ఉక్కకూ ఏ రంగయినా ఇంతే సార్, డబ్బు తీసుకోకుండా కంపౌండు కొట్టి పాలిష్ పెట్టిస్తాం, కొత్తదానిలా అవుతుంది." ఈ మాటలో నిజమెంత? పాలిష్‌కు ఒప్పుకోవాలా, మళ్లీ రంగు వేయమని పట్టుబట్టాలా? పట్టుబడితే ఏ మేరకు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

గుంటూరు ఆటోనగర్ పెయింటరు:

నమస్కారమండీ. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కనుక తోచింది రాస్తున్నాను. తోటి పనివాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, వీటిలో రెండు తప్పులు మొదటి పదేళ్లలో నేనూ చేసినవే. మీ బండికి నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి, పాలిష్ వాటిలో ఒక్కదానికి కూడా మందు కాదు. అందుచేత దానికి మాత్రం ఒప్పుకోకండి.

పొక్కుల విషయంలో మీ పరిశీలన భ్రమ కాదు. వానకు ఉబ్బి ఎండకు అణిగే పొక్కు కింద దాదాపు ఎప్పుడూ తేమే ఉంటుంది. మేము వాడే పాలియెస్టర్ పుట్టీలో, అంటే మీరు లప్పం అన్నదానిలో, టాల్కు పొడి కలిసి ఉంటుంది, అది సుద్దముక్కలా నీటిని పీల్చుకుంటుంది. దానిని వాటర్ పేపరుతో, అంటే నీళ్లు పోస్తూ రుద్దితే దుమ్ము లేవదు, పని చేతికి హాయిగా ఉంటుంది. కానీ పీల్చిన నీరు పూర్తిగా బయటికి పోవాలంటే గంటల తరబడి ఆరబెట్టాలి, లేదా దీపాల వేడి పెట్టాలి. పైన చేత్తో తడిమి పొడిగా ఉందనుకొని ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టేస్తే ఆ నీరు లోపలే బందీ అవుతుంది, తరువాత ఎండకు రేకు కాగినప్పుడల్లా ఆవిరై పై పొరను పైకి నెట్టుతుంది. అందుకే పుట్టీని పొడిగానే రుద్దాలి. నీళ్ల రుద్దుడు దాని మీద వేసిన ప్రైమరు గట్టిపడ్డాకనే చేయాలి. ఇంకొక అవకాశమూ ఉంది. ఆ భాగంలో సొట్ట లాగడానికి రేకు మీద వాషర్లు వెల్డింగ్ చేసి లాగుతారు, అప్పుడు బయట రంగుతో పాటు రేకు లోపలి వైపు కంపెనీ పూత కూడా ఆ చుక్కల దగ్గర కాలిపోతుంది. బయట తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమరు వేయకపోయినా, లోపలి వైపు ఏమీ పూయకపోయినా, చక్రం చిమ్మే నీటికి అక్కడ తుప్పు మొదలవుతుంది. రెంటిలో ఏదో తేల్చడం తేలిక. వర్క్‌షాపు వారి ఎదుటనే ఒక పొక్కును సూదితో గుచ్చమనండి. తేటనీరు వస్తే పుట్టీలో తేమ, గోధుమ రంగు నీరు వస్తే తుప్పు. మీరు ఇంట్లో ఒంటరిగా గుచ్చితే మాత్రం "మీరే పాడుచేశారు" అంటారు. గుచ్చేటప్పుడు ఫోటో కూడా తీసి ఉంచండి.

డోరు మీద దీవి తేలడం తొందరపాటుకు గుర్తు. పుట్టీని ముందుగా 80 నంబరు పేపరుతో రుద్ది ఆకారం తెస్తాము, ఆ పేపరు వదిలే గాట్లు లోతుగా ఉంటాయి. తరువాత 180, 320 నంబర్లతో వాటిని పోగొట్టి ప్రైమరు వేయాలి. నడుమ నంబర్లు ఎగరగొట్టి, ఆ గాట్లను ప్రైమరునే మందంగా కొట్టి పూడిస్తే ఆ రోజుకు చదునుగానే కనబడుతుంది. కానీ ప్రైమరులోని థిన్నరు వారాల తరబడి మెల్లగా ఆవిరవుతుంది, ఆవిరైన కొద్దీ పొర కుంగి కింది గాట్ల ఆకారం పైకి వస్తుంది. మీకు ఇచ్చిన రోజున అద్దంలా ఉండి ఇప్పుడు ఇలా కావడానికి కారణం అదే. కంపౌండు, అంటే అరగదీసే పేస్టు, కొడితే దానిలోని నూనెలు ఆ గీతల్లో నిండి కొన్నాళ్లు కనబడవు, నాలుగు వాషులకు మళ్లీ బయటపడతాయి. పైగా పైనున్న క్లియరు, అంటే రంగు లేని పారదర్శక పొర, మందం మామూలుగా 40, 50 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు. ఎండను ఆపేది ఆ పొరే. కంపౌండు కొట్టిన ప్రతిసారీ దానిలో కొంత అరిగిపోతుంది.

రంగు తేడా గురించి మీరు రాసిన ట్యూబులైటు ముక్కతోనే సమాధానం దొరికింది. రెండు రంగులను వేర్వేరు పిగ్మెంట్లతో కలిపినప్పుడు ఒక వెలుతురులో ఒకటిగా, మరొక వెలుతురులో వేరుగా కనబడతాయి. మీ రంగును బహుశా షెడ్డులో, ట్యూబులైటు కింద సరిపోల్చి ఉంటారు. బండి మీద ఉండే కోడు ఒకటే అయినా ఆ కోడుకు రంగుల కంపెనీ వద్ద రెండు మూడు రకాల పాళ్లు ఉంటాయి, వాటిలో ఏది మీ బండికి దగ్గరో చిన్న రేకు ముక్క మీద కొట్టి, క్లియరు వేసి, ఎండలో బండి పక్కన పెట్టి చూస్తేగాని తెలియదు. మెటాలిక్ అయితే గన్ను పట్టే తీరు కూడా లెక్కే. తడిగా కొడితే వెండి రేణువులు లోపలికి దిగి ముదురుగా, పొడిగా కొడితే పైనే పరుచుకొని తేటగా వస్తుంది.

బంపరు మాత్రం చాలా సూటి విషయం. అది పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్, దానికి ఏదీ సులువుగా అంటదు. ఊడిన పెచ్చు కింద నల్లని ప్లాస్టిక్ కనబడితే ప్లాస్టిక్ ప్రైమరు వేయలేదన్నమాట. కింద పాత రంగే మెరుస్తూ కనబడితే దానిని రుద్దకుండానే పైన కొట్టారు. మీరు చూసి రాయండి.

ఇక వాతావరణం మాట. కృష్ణ ఒడ్డున వానాకాలం ఉక్క నిజమే. తేమ గాలిలో కంప్రెసరు నుంచి నీటి చుక్కలు వస్తాయి, త్వరగా ఆరే థిన్నరు వాడితే రంగు మీద తెల్లని పొగలాంటిది పడుతుంది. అయితే ఆ ఉక్క ప్రతి ఏటా ఇదే నెలల్లో వస్తుంది. నీటిని పట్టే ఫిల్టరు పెట్టుకోవడం, నెమ్మదిగా ఆరే థిన్నరు కలుపుకోవడం మా పని, బండి యజమాని పని కాదు.

క్లెయిముల్లో పనిచేసినవాడిని:

పెయింటరు గారు పని సంగతి చెప్పారు కనుక నేను కాగితాల సంగతి మాత్రం రాస్తాను. ముందుగా మీ బిల్లు తీసి చూడండి. మామూలు పాలసీలో పెయింటింగు మొత్తాన్ని ఒకే పద్దుగా వేసినప్పుడు దానిలో 25 శాతాన్ని సామగ్రి ఖర్చుగా లెక్కించి, ఆ సామగ్రి మీద 50 శాతం తరుగుదల కోస్తారు. అంటే పెయింటింగు పద్దు 16,000 రూపాయలైతే 4,000 సామగ్రి, అందులో 2,000 మీ వాటా. జీరో డిప్రిసియేషన్ తీసుకున్నవారికి ఈ కోత ఉండదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "బీమా వాళ్లు ఇచ్చిన డబ్బుకు ఇంతే వస్తుంది" అనే మాట తరువాత మీకు వినబడవచ్చు. తరుగుదల మీ జేబునుంచి పోయింది, వర్క్‌షాపుకు పద్దు మొత్తం అందింది. పని సగం చేయడానికి అది సాకు కాదు.

రెండవది, ఇప్పటివరకు జరిగినదంతా నోటిమాటగానే జరిగినట్లుంది. ఈ రోజే ఫోటోలతో, తేదీలతో వర్క్‌షాపుకు ఈమెయిలు రాసి, క్లెయిము నంబరు వేసి బీమా కంపెనీకి నకలు పంపండి. అది కంపెనీతో ఒప్పందం ఉన్న క్యాష్‌లెస్ గ్యారేజీ అయితే ఆ నకలు చాలా పని చేస్తుంది. "ఎందుకిలా చేశారు" అని కాకుండా, "ఫలానా భాగంలో ఫలానా లోపం ఉంది, ఎప్పటిలోగా ఎలా సరిచేస్తారో రాతపూర్వకంగా తెలపండి" అని రాయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపంగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, దానికి రెండేళ్ల గడువు ఉంది. అయితే లోపం ఉందని చూపవలసింది మనమే కనుక, విప్పి మళ్లీ రంగు వేయడానికి ముందే ఆధారాలు భద్రం చేసుకోవాలి. నా అనుభవంలో కొలతలతో కూడిన ఫిర్యాదు కమిషన్ దాకా పోవడం అరుదు. పూత మందం కొలిచే మీటరు దొరికితే ప్రతి ప్యానెల్ మీద అయిదారు చోట్ల కొలిచి రాసుకోండి. కంపెనీ పూత సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల లోపే ఉంటుంది, దానికి ఎన్నో రెట్లు పలికితే కింద పుట్టీ మందంగా ఉన్నట్లే.

బ్రాడీపేట:

అందరూ వర్క్‌షాపు మీదనే పడ్డారు కనుక కొంచెం రెండో వైపు కూడా చెప్పనివ్వండి. ప్రశ్న వేసినవారే ఆరు రోజుల్లో కావాలని తొందరపెట్టానని రాశారు. మూడు భాగాలకు సొట్ట తీసి, పుట్టీ పెట్టి, ప్రైమరు ఆరి, రంగు ఆరి, బిగించి ఇవ్వడానికి వానాకాలంలో ఆరు రోజులు చాలవని చెప్పే ధైర్యం ఆ మేనేజరుకు లేకపోయింది, అది ఆయన తప్పే. అడిగిన మనకూ కొంత వాటా ఉంటుంది.

నా సంగతి చెబుతాను. నాది పెర్ల్ తెలుపు, మూడు పొరల రంగు. నిరుడు డిక్కీ తలుపుకు రంగు వేయించి తెచ్చిన మూడో రోజున, మిర్చి సీజను దుమ్ము పడుతున్నదని గుడ్డ కవరు కప్పాను. ఆ రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం కవరు తీస్తే ఆ గుడ్డ నేత మొత్తం క్లియరు మీద అచ్చు పడి ఉంది. పెయింటరు ముందే చెప్పాడు, నెల రోజులు కవరు కప్పవద్దు, మైనం పెట్టవద్దు, పక్షి రెట్ట పడితే వెంటనే కడగమని. నేను వినలేదు, మళ్లీ డబ్బు పెట్టుకున్నాను.

మరొక సందేహం. రంగు తేడా పోవాలంటే ముందు డోరు మీదకు కూడా రంగు పాకించాలంటారు. కంపెనీ పూత చెక్కుచెదరకుండా ఉన్న ముందు డోరును ఇప్పటికే ఒకసారి పొరపాటు చేసిన చేతుల్లో పెట్టడం తెలివైన పనేనా? నేనైతే ఆ కొద్దిపాటి తేడాతోనే సర్దుకుపోతాను.

గుంటూరు ఆటోనగర్ పెయింటరు:

బ్రాడీపేట గారి మాటలో న్యాయం ఉంది. పండుగ ముందు వారంలో మా షెడ్డులోనూ "రేపటికి కావాలి" అనని మనిషి ఉండడు. కవరు గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ మేము వేసే టూ-కె రంగు (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది) 60 డిగ్రీల దగ్గర అరగంట కాగితే ముట్టుకోవడానికి గట్టిపడుతుంది గాని, లోపల పూర్తిగా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కంపెనీలో రేకు మీద ప్లాస్టిక్, వైర్లు ఏవీ లేనప్పుడే 140 డిగ్రీలకు పైన కాలుస్తారు, ఆ గట్టిదనం బయట ఎవరికీ రాదు. వారు అడిగిన ముందు డోరు ప్రశ్నకు కూడా ఈ తేడాయే మూలం.

పాకించడమంటే ముందు డోరు రంగు తీసేయడం కాదు. దాని క్లియరును సన్నని పేపరుతో మెరుపు పోయేలా రుద్ది, వెనుక డోరు వైపున్న సగం మీద బేసు కోటును, అంటే క్లియరు కింద ఉండే రంగు పొరను, ముందుకు పోయిన కొద్దీ పలచబడేలా కొట్టి, డోరు మొత్తానికి కొత్త క్లియరు వేస్తాము. కంపెనీ పొరలు కిందనే ఉంటాయి. మెటాలిక్ బూడిద రంగులో ఇలా పాకించకుండా కన్ను పట్టని షేడు రావడం చాలా కష్టం. అయితే అది రెండవ మెట్టు. ముందుగా మంచి పాళ్లతో కొట్టిన రేకు ముక్కను ఎండలో ముందు డోరు పక్కన పెట్టి చూడండి. దానిలోనే తేడా పోతే ముందు డోరును ముట్టుకోనక్కరలేదు.

పటమట నివాసి:

ఆలస్యానికి మన్నించాలి, పది రోజుల్లో చాలా జరిగింది. మీరు చెప్పినట్లే ముందుగా ఈమెయిలు పంపాను, బీమా కంపెనీకి నకలుతో. పాత కార్లు కొని అమ్మే మా మిత్రుడి దగ్గర మీటరు ఉంటే తెచ్చి కొలిచాము. ముందు డోరు అంతటా 110 నుంచి 125 మైక్రాన్లు. వెనుక డోరు పై సగం 280, ఆ దీవి ఉన్న చోట 1,400 దాటింది. క్వార్టర్ ప్యానెల్ మీద పొక్కుల దగ్గర 900 దాకా ఉంది. బంపరు ప్లాస్టిక్ కనుక మీటరు పలకలేదు. ఊడిన చోట మాత్రం నల్లగా ప్లాస్టిక్ కనబడుతున్నది, పెచ్చు వెనుక వైపు నున్నగా ఉంది.

ఈ కాగితంతో వెళ్లేసరికి మాట తీరు మారింది. ఈసారి మేనేజరు గారు పెయింటరును కూడా పిలిపించారు. పొక్కు గుచ్చమన్నాను, గుచ్చారు. మూడింటిలో తేటనీరు వచ్చింది, నాలుగో దానిలో మాత్రం టీ డికాక్షను రంగు నీరు. ఆ పెయింటరు కుర్రవాడు తనంతట తానే, "ఇది వాటర్ పేపరు పట్టి అదే సాయంత్రం ప్రైమరు కొట్టిందండీ" అన్నాడు. మేనేజరు అతనిని కసరబోతే నేనే ఆపాను. ఆరు రోజులన్నది నా మాటే కనుక బ్రాడీపేట గారి వాటా లెక్క నేను ఒప్పుకుంటున్నాను, ఈసారి ఎన్ని రోజులు కావాలో వారినే చెప్పమన్నాను. పద్దెనిమిది రోజులు అడిగారు.

క్వార్టర్ ప్యానెల్‌ను రేకు దాకా చెక్కారు. వెల్డింగు చుక్కలు ఏడు బయటపడితే వాటిలో రెండింటి చుట్టూ తుప్పు మొదలయింది. బయట ఎపాక్సీ వేశారు, చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ విప్పి లోపలి వైపు కూడా పూసిన ఫోటో నాకు పంపారు. డోరు మీద పుట్టీ మొత్తం తీసేస్తే కింద సొట్ట సరిగా లేవలేదని తేలింది. లోపలి అట్ట విప్పి మళ్లీ లాగారు, ఇప్పుడు పెట్టిన పుట్టీ మిల్లీమీటరు కూడా లేదని అంటున్నారు. మీటరు తెచ్చి చూస్తానని చెప్పి వచ్చాను. బంపరుకు పాత పూత పూర్తిగా తీసి ప్లాస్టిక్ ప్రైమరు వేస్తారు.

రంగు ముక్కలు రెండు కొట్టి ఉంచారు. నిన్న సాయంత్రం షెడ్డులోనే చూపబోతే ట్యూబులైటు కింద వద్దన్నాను. రేపు ఉదయం పది గంటలకు బండిని బయట ఎండలో నిలబెట్టి చూడాలని అనుకున్నాము, మబ్బు పడితే ఎల్లుండి. ముందు డోరు సంగతి ఆ ముక్కలు చూశాక ఇక్కడే రాస్తాను.